రేణిగుంట రోడ్డు నుంచి ధనుష్కోటి దాకా: మేం అద్దెకు తీసుకున్న క్యాంపర్ వ్యాన్

పెళ్లయ్యాక పదహారు రోజుల పండగ కూడా అయిపోయింది. ఆ మర్నాడు పొద్దున్నే మా ఆయన ఒక తెల్ల వ్యాన్ తీసుకొచ్చి తిరుపతిలో మా ఇంటి ముందు ఆపారు. చిత్తూరు నుంచి వచ్చిన మా అత్తమ్మ ఇంకా మాతోనే ఉన్నారు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తలుపు తీసి లోపల పరుపు చూసి, "ఏం నాయనా, రూములకు అంత కరువొచ్చిందా? కొత్త కోడల్ని బండిలో పండబెడతావా?" అన్నారు. ఏడు రోజుల తర్వాత అదే బండి మెట్టు మీద కూర్చుని ఆమె కాఫీ తాగారు.

మధ్యలో ఏం జరిగిందో రాస్తున్నాను. కొత్తగా పెళ్లయిన స్నేహితులు, ఆఫీసులో పిల్లలు చాలామంది అడిగారు, బండి ఎలా ఉంది, తీసుకోవచ్చా అని. అద్దెకిచ్చిన అబ్బాయి పేరు, వాళ్ల బోర్డు పేరు రాయను. నేను చెప్పబోయే లోపాల్లో ఒకటి చిన్నది కాదు. చెప్పగానే అతను సరిచేసుకున్నాడు కూడా. అలాంటివాణ్ని పేరు పెట్టి బజారుకీడ్చడం న్యాయం కాదు. మీరు ఎవరి దగ్గర బండి తీసుకున్నా ఈ విషయాలు పనికొస్తాయి.

అసలు సముద్రం వైపు ఎందుకు వెళ్లామంటే, అది మా అవ్వ తీర్పు. మావాళ్లు ఊటీ, కొడైకెనాల్ అంటుంటే అవ్వ ఒప్పుకోలేదు. "పెళ్లయినోళ్లు ఆర్నెల్లు కొండెక్కకూడదు. స్వామే పద్మావతమ్మను చేసుకున్నాక ఆర్నెల్లు మంగాపురంలో నిలిచిపోయినాడు" అంది. శ్రీనివాస మంగాపురం స్థలపురాణం అదే. నారాయణవనంలో కల్యాణం అయ్యాక స్వామి, అమ్మవారు అగస్త్య మహర్షి ఆశ్రమంలో ఆగిపోయారని చెబుతారు. బయల్దేరే ముందు రోజు అక్కడికే వెళ్లి దర్శనం చేసుకున్నాం. కొండ వద్దన్నాక మాకు మిగిలింది సముద్రమే. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ ధనుష్కోటి చూడాలని ఉందట. అది పెళ్లిచూపుల్లో ఆయన నాతో చెప్పిన మూడు నాలుగు మాటల్లో ఒకటి.

బండి టెంపో ట్రావెలర్. సీట్లన్నీ తీసేసి లోపల మంచం, అల్మారా, చిన్న ఫ్రిజ్, ఏసీ, ఫ్యాన్లు పెట్టారు. నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలు. డ్రైవర్ లేకుండా మనమే నడుపుకునే అద్దె బండికి ఉండాల్సిన ప్లేటు అదే. తెల్ల ప్లేటు బండి ఎవరైనా అద్దెకిస్తామంటే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి, దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కుల్లో పడతారు. తమిళనాడులోకి వెళ్లాలి కాబట్టి పర్మిట్ కాగితం కూడా అడిగి చూశాం. 7,500 కిలోల లోపు బండి కాబట్టి మామూలు కారు లైసెన్సు చాలు. అద్దె రోజుకు 6,500, అడ్వాన్సు 15,000. రోజుకు 250 కిలోమీటర్లు దాటితే అదనం. ఏడు రోజుల్లో మేం 1,430 కిలోమీటర్లు తిరిగాం కాబట్టి ఆ బాధ లేకపోయింది. డీజిల్‌కు 13,300 దాకా అయింది. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చింది. మన దగ్గరకంటే తమిళనాడులో డీజిల్ తక్కువ, అందుకని తిరుపతిలో సరిహద్దు ఊరు తడ దాటడానికి సరిపడా మాత్రమే పోయించుకోండి.

ఈ బండిలో నాకు బాగా నచ్చింది వంటగది. దాన్ని లోపల పెట్టలేదు. వెనక తలుపు తెరిస్తే ఒక పెద్ద సొరుగు బయటికి జరుగుతుంది. అందులో ఒంటి పొయ్యి, పక్కన పళ్లెమంత సింకు, కింద అయిదు కిలోల సిలిండర్. పైకి లేచిన తలుపే ఎండకూ చినుక్కూ అడ్డం. వంట మొత్తం ఆరుబయటే కాబట్టి గ్యాస్ వాసన గానీ, తాలింపు పొగ గానీ పరుపు దాకా రావు. సొరుగు జరగకుండా రెండు వైపులా ఇత్తడి గొళ్లేలు పెట్టారు. గతుకుల్లో కూడా ఒక్క గిన్నె చప్పుడు కాలేదు. ఎవరో వంట చేసే మనిషి దగ్గర కూర్చుని అడిగి కట్టించినట్టుంది అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ అబ్బాయి వాళ్లమ్మే పక్కన నిలబడి ఎత్తు కొలిపించిందట. నాది అయిదడుగుల రెండంగుళాలు. నడుం వంచకుండా ఏడు రోజులు వండాను.

మొదటి రోజు సూళ్లూరుపేట మీదుగా వెళ్లాం. అక్కడి నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుని పోతుంది. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మార్చి మొదటి వారం కాబట్టి ఫ్లెమింగోలు వెళ్లిపోయి ఉంటాయనుకున్నాం. దూరంగా ఒక గుంపు ఉంది. నీళ్లలో తలలు పెట్టి మేస్తున్నాయి. రోడ్డు పక్కన బండి ఆపి, అత్తమ్మ కట్టిచ్చిన నిప్పట్లు, అత్తిరసాలు తింటూ గంటసేపు చూశాం. మా ఇద్దరి మధ్యా పెద్దగా మాటల్లేవు. పెద్దలు కుదిర్చిన పెళ్లి. పదహారు రోజులూ చుట్టాల మధ్యే గడిచాయి. ఇద్దరమే ఉండటం అదే మొదలు.

ఇక ఆ రాత్రి సంగతి. మహాబలిపురంలో ఒక చిన్న లాడ్జి ఆవరణలో 400 కట్టి బండి పెట్టుకున్నాం. అక్కడ ప్లగ్ పాయింట్ లేదు. ఫర్వాలేదు, బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ నడుస్తుందని చెప్పారు కదా అనుకున్నాం. గంటా పది నిమిషాలు నడిచింది. తర్వాత ఇన్వర్టర్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఫ్యాన్ కూడా ఆగిపోయింది.

నేను కరకంబాడి వైపు ఒక బ్యాటరీ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. బ్యాటరీ ఎక్కడుందో చూడనిదే నాకు నిద్ర పట్టదు. మంచం పలక ఎత్తాను. కింద చెక్కపెట్టె. మూత తీయగానే ముక్కుకు పుల్లటి ఘాటు తగిలింది. లోపల 150 ఏహెచ్ (యాంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ, ఇళ్లల్లో ఇన్వర్టర్‌కు పెట్టుకునేదే. టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోయింది. నా మల్టీమీటర్ పెట్టి చూస్తే 11.6 వోల్టులు. అంటే ఖాళీ అయిపోయినట్టే.

లెక్క కష్టమేం కాదు, అందరికీ తెలియాలి కాబట్టి రాస్తున్నా. 150ని 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు. ఇలాంటి లెడ్ బ్యాటరీని సగానికంటే కిందికి దించుతూ పోతే తొందరగా పాడైపోతుంది, కాబట్టి వాడుకోదగ్గది 900. టన్ను ఏసీ గంటకు దాదాపు వెయ్యి లాగేస్తుంది. రాత్రంతా ఎక్కడి నుంచి వస్తుంది? అదే రెండు చిన్న ఫ్యాన్లయితే కలిపి 50 వాట్లు, ఎనిమిది గంటలకు 400. హాయిగా తెల్లారిపోతుంది. "బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ" అని ఎవరు చెప్పినా ఎన్ని ఏహెచ్, ఏ రకం, ఏసీ ఎన్ని వాట్లు అని అడగండి. సమాధానం రాకపోతే ఏసీ లేదనే లెక్కేసుకుని బేరం ఆడండి.

ఏసీ లేకపోతే ఒక రాత్రి చెమట పడుతుంది, అంతే. నన్ను కలవరపెట్టింది ఆ పెట్టెకు గాలి గొట్టం లేకపోవడం. నీళ్లు పోసే రకం లెడ్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అలాంటి బ్యాటరీని మనుషులు పడుకునే మంచం కింద, బయటికి దారి లేకుండా పెట్టి, కిటికీలు బిగించి ఏసీ వేసుకుని రాత్రంతా ఛార్జింగ్ పెడితే ఏమవుతుంది? బయటికి గొట్టం ఉండాలి, లేదంటే మూసి ఉండే రకం బ్యాటరీ వాడాలి. ఇందులో సర్దుకుపోవడం అనేది లేదు. ఆ రోజు నుంచి మేం బండి నడుస్తున్నప్పుడు కిటికీలు తీసి మాత్రమే ఛార్జ్ చేశాం. ప్లగ్ దొరికిన చోట ఏసీ వేసుకున్నా ఛార్జర్ స్విచ్ ఆపేసి పడుకున్నాం.

నేను పొడిబట్టతో ఆ టెర్మినల్స్ తుడుస్తుంటే మా ఆయన ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డారు. ఆయన స్కూల్లో సోషల్ టీచర్. నా పని ఏమిటో ఆయనకు అంతవరకు తెలియదు, జీతం ఎంతో మాత్రమే తెలుసు. మధ్యలో లైటు కొంచెం వణికింది. "నేనే సరిగ్గా కనుక్కోవాల్సింది. నీకు మొదటి రాత్రే ఇట్లా అయింది" అన్నారు. ఆయన మూడు నెలలు దాచుకున్న డబ్బుతో తీసిన బండి అది. ఏం చెప్పాలో తెలియక, "ఆ చెయ్యి కొంచెం కిందికి దించండి, నెగెటివ్ కనబడటంలేదు" అన్నాను. దించారు. తర్వాత పెట్టె మూసేదాకా ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు, ట్యూబులర్ అంటే ఏంటి, డిస్టిల్డ్ వాటరే ఎందుకు పోయాలి అని. పన్నెండు దాటింది.

కిటికీలు తీస్తే దోమలు. కిటికీలకు దోమతెర ఉందని చెప్పారు. ఉంది కానీ కుడివైపు వెనక కిటికీకి జానెడు చిరిగి ఉంది. నా సూదీదారం డబ్బాలో నీలం దారం ఒక్కటే మిగిలింది. ఆయన తెరను బిగించి పట్టుకుంటే నేను కుట్టాను. బయట సముద్రం హోరు. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అదే.

మర్నాడు తీరాలయం చూశాం. పల్లవ రాజు రాజసింహుడు ఎనిమిదో శతాబ్దంలో కట్టించింది. ఉప్పు గాలికి బొమ్మల ముఖాలు అరిగిపోయాయి. నిలబడిన తీరు మాత్రం అరగలేదు. మధ్యాహ్నానికి పాండిచ్చేరి. సాయంత్రం బీచ్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు కాబట్టి వ్యాన్ దూరంగా పెట్టి నడిచాం. అక్కడ రద్దీ ఎక్కువ, పార్కింగ్ వెతుక్కోవడమే పెద్ద పని. వ్యాన్‌లో వెళ్లేవాళ్లకు పాండిచ్చేరి అంత సుఖం కాదు. నా మాట వింటే ఒక పూట చూసి ముందుకెళ్లండి.

మూడో రోజు పిచ్చవరంలో మడ అడవుల మధ్య పడవలో తిరిగి, చీకటి పడేసరికి తరంగంబాడి చేరాం. ఈ ఊరి కోసమైనా మీరు ఈ దారిన వెళ్లాలి. పేరులోనే తరంగం ఉంది. డెన్మార్క్ వాళ్లు 1620లో ఇక్కడ కోట కట్టి, 1845లో ఊరిని ఇంగ్లిష్ కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయారు. ఆ పసుపు రంగు కోట ఇప్పటికీ నీళ్ల ఎదురుగా నిలబడి ఉంది. మా ఆయన పిల్లలకు పాఠం చెప్పినట్టు ఇదంతా చెప్పారు. పొద్దున ఆరుంబావుకు వెనక తలుపు ఎత్తి, సొరుగు లాగి, నేను టీ పెట్టాను. పాలు పొంగేలోపు సముద్రంలోంచి సూర్యుడు సగం పైకొచ్చాడు. గ్లాసులు రెండే. ఒక జాలరి పెద్దాయన వల భుజాన వేసుకుని పోతూ ఆగి ఆ సొరుగుని వింతగా చూశాడు. నా గ్లాసు ఆయనకిచ్చి, మేమిద్దరం ఒకే గ్లాసులో తాగాం.

అప్పుడు మా ఆయన ఆ పెద్దాయనతో అరవంలో మాటలు మొదలుపెట్టారు. చిత్తూరు వాళ్లకు అరవం రావడం వింత కాదు కానీ, నేను చూసిన మనిషి ఆయనేనా అనిపించింది. తెలుగులో అడిగితే తప్ప పలకని మనిషి చేతులు ఊపుతూ, నవ్వుతూ, ఆయన భుజం తడుతూ మాట్లాడుతున్నారు. చిన్నప్పుడు వేలూరులో అమ్మమ్మ దగ్గర పెరిగారట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దాయన మాటల్లో 2004 డిసెంబరు వచ్చింది. సునామీలో ఆ తీరం ఎంత నష్టపోయిందో అందరికీ తెలిసిందే. మా ఆయన నవ్వు ఆగిపోయింది. తర్వాత చాలాసేపు పెద్దాయన చెప్పేది వింటూ కూర్చున్నారు. నాకు మాటకు మాట తెలుగులో చెప్పారు.

ఆ మధ్యాహ్నం నాగపట్టణం దగ్గర వంజరం చేప బేరమాడింది కూడా ఆయనే. రెండు ముక్కలు వేయించి, మిగతాది పులుసు పెట్టాను. అత్తమ్మ ఇచ్చిన చెనక్కాయల ఊరిబిండి కూడా ఉంది. వేలాంగణి అవతల ఒక కొబ్బరితోట యజమానిని అడిగి అక్కడే ఆగాం. ప్లగ్ పాయింట్ ఇచ్చి 300 తీసుకున్నాడు. రాత్రుళ్లు ఆగడం గురించి ఒక మాట. ఎక్కడ బడితే అక్కడ, సముద్రం ఒడ్డున నిర్మానుష్యంగా ఉన్నచోట పడుకోవద్దు. లాడ్జి ఆవరణలు, తోటలు, పెద్ద పెట్రోల్ బంకులు అడిగితే ఒప్పుకుంటున్నారు. ఆరు రాత్రులకు మాకు 2,100 అయింది.

ఆడవాళ్లు అడగాలనుకుని అడగలేని విషయం కూడా చెబుతాను. బండిలో 20 లీటర్ల పెట్టె ఉన్న చిన్న టాయిలెట్ ఉంది. తెర లాగితే చాటు. రాత్రిపూట అవసరానికి అది నిజంగా ధైర్యం. మిగతా సమయం బంకుల్లో, హోటళ్లలో చూసుకున్నాం. పెట్టెను రెండు రోజులకొకసారి లాడ్జి టాయిలెట్‌లో ఖాళీ చేయాలి. ఆ పని ఒక్కరోజు కూడా ఆయన నన్ను చేయనివ్వలేదు. బండి పైన 80 లీటర్ల నల్లటి నీళ్ల ట్యాంకు. పగటి ఎండకు కాగి సాయంత్రానికి స్నానానికి వేడినీళ్లు సిద్ధంగా ఉంటాయి. పొదుపుగా వాడితే ఇద్దరికి రెండు రోజులు వచ్చాయి.

అయిదో రోజంతా ప్రయాణమే. పాంబన్ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. 1914 నాటి పాత రైలు వంతెన పక్కనే 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్తది. ఓడలు వచ్చినప్పుడు దాని మధ్య భాగం నిలువుగా పైకి లేస్తుంది. మేం వెళ్లినప్పుడు ఓడ రాలేదు, రైలు మాత్రం పోయింది. నీళ్ల మీద నడిచిపోతున్నట్టే ఉంది.

రామేశ్వరంలో పడుకుని ఆరో రోజు తెల్లవారగానే ధనుష్కోటి. కుడివైపొక సముద్రం, ఎడమవైపొక సముద్రం, మధ్యలో మన రోడ్డు. 1964 డిసెంబరు తుపానుకు ఊరు ఊరంతా పోయింది. స్టేషన్‌కు వస్తున్న రైలును కూడా అల లాగేసుకుంది. పైకప్పు లేని చర్చి గోడలు, రైల్వే స్టేషన్ మొండిగోడలు ఇంకా ఉన్నాయి. వాటి మధ్య ఆయన చాలాసేపు ఒక్కరే తిరిగారు. నేను వెంట వెళ్లలేదు. వ్యాన్ పక్క తలుపు తీసి మెట్టు మీద కూర్చుని, ఆయన కోసం ఉప్మా కలిపాను. ఇసుక గాలికి గిన్నె మీద మూత నిలవలేదు. తిరిగొచ్చాక, తన పదో తరగతి పిల్లలకు ఈ తుపాను గురించి చెబుతానని, ఎప్పుడూ చూడకుండానే చెబుతున్నానని సిగ్గుపడేవాణ్నని అన్నారు. ఇక్కడ సాయంత్రం తర్వాత ఉండనివ్వరు, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. వచ్చాక బండి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు ఇనుమును తినేస్తుంది.

వస్తూ తిరుచ్చిలో ఒక రాత్రి ఆగి, తిరువణ్ణామలై, వేలూరు మీదుగా చిత్తూరు వచ్చాం. అత్తమ్మ అప్పటికి ఇంటికి చేరారు. ఆమెకు కాఫీ నేను బండి పొయ్యి మీదే పెట్టిచ్చాను. తాగి, సొరుగుని రెండుసార్లు లోపలికి, బయటికి జరిపి చూశారు. "ఎత్తు బాగుంది" అన్నారు.

బండి అప్పగించేటప్పుడు ఆ అబ్బాయికి పెట్టె తెరిచి చూపించాను. వాదిస్తాడేమో అనుకున్నాను. "అక్కా, బ్యాటరీ షాపోళ్లు పెట్టినట్టే పెట్టినా. ఇంతవరకు ఎవురూ ఇట్లా చెప్పలే" అని కింద కూర్చుని అంతా రాసుకున్నాడు. ఏసీ మాట తప్పినందుకు 3,000 వెనక్కిచ్చాడు. వారం తర్వాత పిలిచి చూపించాడు. బ్యాటరీ మంచం కింద నుంచి బయటి పెట్టెలోకి మారింది, దానికి గొట్టం కూడా వచ్చింది. బోర్డు మీద "రాత్రంతా ఏసీ" చెరిపేసి "ప్లగ్ ఉన్నచోట ఏసీ" అని రాయించాడు. దోమతెర మాత్రం ఇంకా మార్చలేదు.

నేను అయిదుకి మూడున్నర ఇచ్చేదాన్ని, ఇప్పుడు నాలుగు ఇస్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్తే చలిగాలికి ఏసీ అవసరమే రాదు, కానీ ఆ తీరానికి నవంబరు, డిసెంబరు తుపాను కాలం. కాబట్టి జనవరి, ఫిబ్రవరి చూసుకోండి. అతని దగ్గర అలాంటివి రెండు బండ్లున్నాయి, రెండూ తెల్లవే. కుడివైపు వెనక కిటికీ తెరకు నీలం దారంతో కుట్టు కనబడితే, అది మేం వెళ్లిన బండి.